రెండో అంతస్తు గొంతు

నా ఎనభై ఒక్కేళ్ల బతుకులో నేను అబద్ధమాడి ఎరగను. నలభై ఏళ్లు మా ఊరు రషీద్ రేవులో పడవ నడిపాను. ఇరవై ఏళ్లుగా ఈ మూడంతస్తుల ఇంట్లో మొదటి అంతస్తు వాటాలో అద్దెకుంటున్నాను. మర్జూక్ అనే నా నోట అబద్ధం విన్నవాడు ఒక్కడుంటే తీసుకురండి, మీసం తీయించుకుంటాను.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మధ్యాహ్నం పైన ఉండే షాకిర్ నన్ను మూడో అంతస్తుకి పిలిపించింది ఆ పేరు చూసే. అక్కాతమ్ముళ్ల తగవు తీర్చడానికి నిజం చెప్పే పెద్దమనిషి ఒకడు కావాలట.

నేను మెట్లెక్కి వెళ్లేసరికి తగవు సగంలో ఉంది. బల్ల మీద ఎర్ర మఖమల్ పెట్టె. నిశ్చితార్థంనాడు షాకిర్ తనకు కాబోయే పెళ్లాం రబాబ్‌కి పెట్టిన గాజులూ ఉంగరమూ అందులో ఉన్నాయి. పొద్దున్నే ఆ పిల్ల తల్లి ఉమ్ సబ్రీ వాటిని తిప్పి పంపేసింది.

"తృప్తిగా ఉందా అక్కా?" అంటున్నాడు షాకిర్.

వాళ్ల అక్క ఇన్షిరాహ్ తలెత్తలేదు. గోధుమరంగు కాగితంలో పుస్తకం చుట్టి, దారం బిగించి, మీద మన్సూరాలో ఉన్న ఎవరో ఆవిడ పేరు రాస్తోంది.

"నిన్నే! వినబడుతోందా?"

"వినబడుతోందిరా. ఇంకా పదకొండు కట్టాలి. నాలుగింటికి బస్సు."

"నా పెళ్లి పెటాకులవుతుంటే నీకు బస్సు గోలా?"

"బస్సు నా కోసం ఆగదు. నీ అత్తగారు ఆగుతుంది. చూడు, పెట్టె పంపింది కానీ రశీదు అడగలేదు. ఆవిడ బేరంలో ఉంది."

షాకిర్ నా వైపు తిరిగాడు. "చూశావా బాబాయ్? ఇది మనిషేనా? నువ్వే చెప్పు. పోయిన వారం ఉమ్ సబ్రీ కిటికీలకి పరదాల కొలత తీసుకోవడానికి వచ్చిందా? మేం కాపురం పెట్టబోయే రెండో అంతస్తు వాకిట్లో నిలబడిందా? అప్పుడే గ్యాస్ బండ మోసుకుంటూ ఆ దరిద్రుడు వచ్చాడు. ఆ ఖాళీ వాటా తలుపు దగ్గర ఆగి, తల వంచి, 'దస్తూర్' అన్నాడు!"

దస్తూర్. మా వైపు ఆ మాటకి వేరే అర్థం చెప్పనక్కర్లేదు. కంటికి కనబడనివాళ్లు ఉన్నారేమోనన్న చోట అడుగు పెట్టేముందు అడిగే అనుమతి అది. పాడుబడ్డ బావి దగ్గర అంటాం. బూడిద కుప్ప దాటుతూ అంటాం. కొత్త కోడలు కాపురానికి రావలసిన గడప దగ్గర ఎవడూ అనడు.

"ఆవిడ అడిగింది, ఎవరిని అడుగుతున్నావయ్యా అనుమతి అని. వాడు బండ దించి, చెమట తుడుచుకుని, నిమ్మళంగా, 'మీకు తెలీదా అమ్మా, ఈ ఇంటి మీద పుస్తకమే వచ్చింది' అన్నాడు."

ఇన్షిరాహ్ దారం పళ్లతో కొరికి తెంపింది. "వాడు నా పుస్తకం కొన్నాడా?"

"అక్కా!"

"లేదురా, నిజంగా అడుగుతున్నా. నా దగ్గర కొనలేదు. అంటే దొంగ అచ్చు చదివాడన్నమాట."

నవ్వు వచ్చింది నాకు. దగ్గుగా మార్చేశాను.

ఇన్షిరాహ్ భయం కథలు రాసి, తనే దమన్‌హూర్‌లో అచ్చు వేయించి, తనే కట్టలు కట్టి, తనే బస్సుకి ఎక్కించి అమ్ముకుంటుంది. నడుమ ఇంకొకళ్లు లేరు. మొదట్లో ఒక ప్రచురణకర్తకి ఇచ్చింది. అతగాడు అట్ట మీద రక్తం కారే పుర్రె వేసి, ఆవిడ పేరు తీసి మగపేరు పెట్టాడు. ఆనాటి నుంచి అంతా తనే. పాఠకులు రాసే ఉత్తరాలకి జవాబులూ తనే. వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒక్కటే: నిజంగా జరిగిందా?

అందుకే ఈసారి పుస్తకం అట్ట మీద ఒక్క వాక్యం అచ్చు వేయించింది. "జరిగిన ఇంట్లోనే కూర్చుని రాసింది." పుస్తకం పేరు 'నువ్వూ తిను'. ఆ వాక్యం వల్ల మూడు నెలల్లో రెండుసార్లు అచ్చయింది. ఆ వాక్యం వల్లే ఇప్పుడు బల్ల మీద పెట్టె కూర్చుంది. మనుషుల పేర్లన్నీ మార్చింది గాని, తలుపు తట్టడానికి వేలాడే ఇత్తడి చెయ్యి మార్చడం మర్చిపోయింది. రషీద్‌లో వేళ్లు విరిగిన ఇత్తడి చెయ్యి ఉన్న తలుపు ఇదొక్కటే.

షాకిర్ జేబులోంచి మడత కాగితం తీసి, కట్టల మధ్య పెట్టాడు. "ఉమ్ సబ్రీతో ఫోన్‌లో మాట్లాడాను. ఇది నీ చేత్తో రాసి సంతకం పెడితే పెట్టె తీసుకెళ్తానంది."

ఇన్షిరాహ్ చదివింది. పైకే చదివింది, నాక్కూడా వినబడేలా. "'పుస్తకంలో ఉన్నదంతా నా కల్పన. మా ఇంట్లో ఎన్నడూ ఏ గొంతూ వినబడలేదు. ఇకమీదట నేను ఇటువంటివి రాయను.'"

కిందెక్కడో చేపలవాళ్ల అరుపులు.

"మొదటిది రాస్తాను," అంది ఇన్షిరాహ్. "రెండోది అబద్ధం, నువ్వూ విన్నావు ఆ గొంతు. మూడోది ఎవరు కలిపారు?"

"వాళ్ల అమ్మ."

"చేతిరాత నీది."

షాకిర్ కిటికీ వైపు చూశాడు. "వాళ్ల పిల్ల ఇక్కడ బిడ్డల్ని కనాలి. పైన కూర్చుని నువ్వు రోజూ శవాల గురించి రాస్తుంటే..."

"శవాలు నేనెప్పుడూ రాయలేదు. ఒక్క శవం చూపించు."

"ఏదో ఒకటి! జనాన్ని హడలగొట్టడం కూడా ఒక పనేనా అక్కా?"

"అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నీకు నిద్రపట్టేదాకా కథలు చెప్పింది ఎవర్రా?"

"నువ్వే! దెయ్యాల కథలు! పదేళ్లు వచ్చేదాకా పక్క తడిపాను!"

ఇన్షిరాహ్‌కి నవ్వొచ్చింది. వాడికీ రాబోయింది. ఇద్దరూ ఆపుకున్నారు. నవ్వేసి ఉంటే తగవు అక్కడే తీరిపోయేదేమో. ఆపుకున్నారు.

"నాకు ముప్పై నాలుగు వచ్చాయి అక్కా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నీ మూలాన పిల్లవాళ్లు వద్దనుకున్న సంబంధాల్లో ఇది మూడోది. నేనెప్పుడైనా అన్నానా?"

ఆ మాటకి ఆమె చేతిలోని కలం కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"బాబాయ్, ఆ గొంతు సంగతి నాకు చెప్పింది నువ్వు. వీడికి చెప్పు. అది నిజమా కాదా?"

"నేనెప్పుడు అబద్ధమాడాను?" అన్నాను, మీసం సవరించుకుంటూ.

ఇక మీసం తీయించుకునే వేళ అయింది. చదివేవాళ్లు మంగలిని పిలవచ్చు.

ఆ గొంతు గురించి నేను ఇన్షిరాహ్‌కి చెప్పిన కథలో ఒక్క ముక్క నిజం లేదు. ఆ మాటకొస్తే రేవులో నేను పడవ నడిపింది నలభై ఏళ్లు కాదు, పదకొండు. మిగతా కాలం టిక్కెట్లు చింపాను. అందరూ నన్ను హాజీ అంటారు. నేను మక్కా వైపు పోయింది సూయెజ్ దాకానే, అదీ పెళ్లికి. మొత్తం చెబితే ఇది అచ్చయ్యే ఈ వారం పత్రికలో వేరే ఏమీ పట్టదు.

మూడేళ్ల కిందట ఒకరోజు ఇన్షిరాహ్ మెట్ల మీద నన్ను ఆపింది. కళ్లు మెరిసిపోతున్నాయి. "బాబాయ్, రెండో అంతస్తు ఖాళీ వాటాలో మధ్యాహ్నం పూట ఎవరో మాట్లాడుతున్నారు. మగ గొంతు. 'కూర్చో, నువ్వూ తిను' అంటోంది. రోజూ అదే."

ఆ గొంతు నాది.

మూడు వంటిళ్ల కిటికీలూ తెరుచుకునేది ఒకే సన్నటి గాలి సందులోకి. నేను కింద అన్నం ముందు కూర్చుని అన్న మాట ఆ సందులో పడి, పైన ఖాళీ వాటాలో దూరి, గోడలకి తగిలి, మెట్ల మీదికి వస్తుంది. అప్పటికి అది సగం గొంతు, సగం గాలి. నా గొంతని ఎవరూ పోల్చుకోలేరు. పైగా వీధిలో కోతలు కోసే నా గొంతే ఊరికి తెలుసు. ఇంట్లో అన్నం దగ్గర నా గొంతెలా ఉంటుందో విన్నది నా పెళ్లాం నఫీసా ఒక్కతే.

నఫీసా పోయి నాలుగేళ్లు. నలభై తొమ్మిదేళ్లు నాకు వడ్డించి, తను తినకుండా ఎదురుగా నిలబడేది. రోజూ అనాలి నేను, కూర్చో, నువ్వూ తిను, అని. ఆవిడ ఆగిపోయింది గాని మాట ఆగలేదు. పళ్లెం ఒకటే పెట్టుకుంటాను. మతి పోలేదు నాకు. మాట మాత్రం వచ్చేస్తుంది.

ఆ సంగతి ఒక ఆడపిల్లతో మెట్ల మీద ఎలా చెబుతారు? చెబితే జాలిపడుతుంది. గిన్నెలో కూర పంపిస్తుంది. వీధంతా తెలుస్తుంది. ఇంకో వారానికి నా కూతురు వచ్చి నన్ను మూట కట్టుకుని తీసుకుపోతుంది.

అందుకని అప్పటికప్పుడు అల్లేశాను. టర్కీ సుల్తానుల కాలంలో ఇక్కడ ఒక బియ్యం వర్తకుడు ఉండేవాడనీ, పెళ్లాన్ని వంటింటి గోడలో పెట్టి కట్టించేశాడనీ, ఆ తర్వాత రోజూ గోడకి అన్నం పెట్టేవాడనీ. ఊపులో ఇంకో రెండు శవాలు కలిపాను. తల లేని గుర్రం కూడా ఒకటి తోలాను.

"ఈ ఇల్లు కట్టి అరవై ఏళ్లే కదా బాబాయ్?"

"అంతకుముందు ఇక్కడ వేరే ఇల్లు ఉండేది."

"గుర్రం రెండో అంతస్తుకి ఎలా ఎక్కింది?"

"దెయ్యానికి మెట్లెందుకే?"

ఆ కథ పట్టుకెళ్లి ఆ పిల్ల ఏం చేసిందో వినండి. ఏడాది పాటు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. గుర్రం తీసేసింది. శవాలు తీసేసింది. గోడ కూడా తీసేసింది. నేనిచ్చిన సరుకంతా పారేసి ఒక పళ్లెం, ఒక చెంచా చప్పుడు, ఆ గొంతు మాత్రం ఉంచుకుంది. రాసిన పేజీలు కింద నా గదికి తెచ్చి చదివేది. నేను హడలిపోయానని చెప్పినా నమ్మేది కాదు. "నువ్వు బాగుందంటే అది బాగాలేదని లెక్క బాబాయ్. నువ్వు లేచి కిటికీ మూసిన పేజీ ఒక్కటే బాగుంది," అనేది.

ఆ పేజీలో గొంతు రోజూ పిలుస్తుంది, కూర్చునేవాళ్లు ఎవరూ రారు. అంతే. నేను కిటికీ ఎందుకు మూశానో ఆమెకి తెలియదు.

కాబట్టి ఆ మధ్యాహ్నం షాకిర్ ముందు నేను చేయవలసిన పని ఒక్కటే. దెయ్యం లేదు, గొంతు నాది అనాలి. ఆ మాటతో ఉమ్ సబ్రీ భయం పోతుంది, కాగితం అక్కర్లేదు, ఇన్షిరాహ్ కలం ఆమె చేతిలోనే ఉంటుంది.

"రేపు చూద్దాం," అని కిందికి దిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దు వాలి అసర్ నమాజ్ అయ్యాక ఉమ్ సబ్రీ వచ్చింది. రెండో అంతస్తు దాటి పైకి ఎక్కనంటే ఎక్కనంది. అందుచేత పంచాయతీ నా గదిలో పడింది. ఆవిడ నా గడప మీద కూడా ఆగి, తలగుడ్డ సర్దుకుని, "దస్తూర్" అంది.

"ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నానమ్మా."

"ఏమో హాజీగారూ, ఈ ఇంట్లో ఎవర్ని నమ్మమంటారు?"

భారీ మనిషి. నా రెండు కుర్చీల్లో గట్టిదాంట్లో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. షాకిర్ ఆ ఎర్ర పెట్టెతో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్షిరాహ్ నా మంచం అంచున కూర్చుంది. నేను పుదీనా టీ పోశాను.

"పుస్తకం చదివారా మీరు?" అంది ఇన్షిరాహ్. "చదవకుండానే వద్దంటున్నారా?"

"చదవకేం! పిల్లనిస్తున్న ఇల్లు కదా అని కొని చదివాను. మూడుసార్లు. రెండోసారి మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని."

"మూడుసార్లా?"

"ఆ చెంచా చప్పుడు దగ్గర పుస్తకం గోడకేసి కొట్టాను తల్లీ. నీ చేతులు పడిపోను!"

ఇన్షిరాహ్ ముందుకి వంగింది. ముఖంలోకి రంగు వచ్చింది. "మొదటి చెంచానా, రెండోదా?"

"రెండోదే. మొదటిది ఎలకేమో అనుకున్నా."

"అలా అనుకోవాలనే రాశాను."

"అనుకున్నా మరి! తర్వాత మూడు రోజులు వంటింట్లో ఒక్కదాన్నే తినలేదు. పక్కింటి ఉమ్ ఫారిస్‌ని పిలిచి కూర్చోబెట్టుకున్నాను. దాంతో పదేళ్లుగా మాటల్లేవు నాకు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ క్షణంలో అక్కడ పెళ్లివారు లేరు. రాసిన మనిషీ, చదివిన మనిషీ ఉన్నారు. ఇన్నేళ్లలో ఇన్షిరాహ్‌ని అంత సంతోషంగా నేను చూడలేదు.

తర్వాత ఉమ్ సబ్రీ సంచీ తెరిచి తెల్లకాగితం బయటికి తీసింది. "అందుకే అంటున్నా. అంత బాగా రాసే చెయ్యి నా కూతురి నెత్తి మీద రాస్తూ కూర్చోకూడదు. ఆ మూడు మాటలూ రాసి సంతకం పెట్టు అమ్మాయ్."

"మొదటి రెండూ రాస్తాను. మూడోది వదిలెయ్యండి."

"మూడోదే కావాలి నాకు."

"షాకిర్?" అంది ఇన్షిరాహ్.

షాకిర్ తన చెప్పుల వంక చూస్తున్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "కలం ఎవరి దగ్గరుంది?"

అప్పుడు నేను లేచాను.

"ఆగండి!" అన్నాను. రేవు దద్దరిల్లే గొంతుతో అన్నాను. "ఉమ్ సబ్రీ, ఈ ఇంట్లో దెయ్యం ఉన్న మాట నిజమే. వయసు ఎనభై ఒకటి, మోకాళ్ల నొప్పులున్నాయి, ఇప్పుడే నీకు టీ పోసింది." ఆవిడ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. అందర్నీ వంటింట్లోకి తీసుకెళ్లి గాలి సందు చూపించాను. షాకిర్‌ని రెండో అంతస్తుకి పరిగెత్తించాను. కిటికీ దగ్గర నిలబడి, నఫీసాతో అన్నట్టే, మెల్లగా అన్నాను. పైనుంచి షాకిర్ కేక పెట్టాడు: "అదే! అదే గొంతు!" ఉమ్ సబ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. కాగితం నాలుగు ముక్కలు చేసి నా పొయ్యిలో వేసింది. పోతూ పోతూ, రెండో అంతస్తు దాకా ఎక్కి, పరదాలకి కొలత తీసుకుంది. ఇన్షిరాహ్ నా చెయ్యి పట్టుకుని, "ఎందుకు చెప్పలేదు బాబాయ్ ఇన్నాళ్లూ?" అంది. నేను జవాబు చెప్పేలోపే పళ్లెం తెచ్చి నా ఎదుట కూర్చుంది.

బాగుంది కదా? రాస్తుంటే నాకూ బాగుంది.

ఈ భాగంలో నేను కల్పించింది అదొక్కటే. "అప్పుడు నేను లేచాను" అన్న చోట మొదలై, ఆమె నా ఎదుట కూర్చున్న చోటిదాకా. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను.

నేను లేవలేదు. "టీ చల్లారిపోతోంది, తాగండమ్మా," అన్నాను.

కలం కూడా నాదే ఇచ్చాను. ఇన్షిరాహ్ మూడు వాక్యాలూ రాసి, కింద సంతకం పెట్టింది. పేరంతా పెట్టింది, పుస్తకాల మీద పెట్టినట్టు. ఉమ్ సబ్రీ కాగితం మడిచి సంచీలో వేసుకుంది. షాకిర్ ఆవిడ వెనకే పెట్టె పట్టుకుని వెళ్లాడు. ఇన్షిరాహ్ గ్లాసులు కడిగి బోర్లించి, తలుపు దగ్గర ఆగింది.

"నువ్వేదో చెప్పబోయావు బాబాయ్. చూశాను."

"లేదే. ఏం లేదు."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. రెండో అంతస్తు వాకిట్లో, ఆ గొంతు వినబడే తలుపు దగ్గర, ఆమె అడుగులు ఆగాయి. మళ్లీ మొదలైనట్టు నాకు వినబడలేదు.